రెండున్నర నంద్యాల బస్సు

రెండో ప్లాట్‌ఫారం ఊడ్చి మూడోదానికి వచ్చిన కృపమణి నాలుగడుగులు ఊడ్చిందో లేదో, మళ్లీ వెనక్కి తిరిగి రెండోదానికే పోయింది. ఊడ్చిన చోటే ఊడవడం మొదలుపెట్టింది. పొడుగాటి కర్రకు కట్టిన కొబ్బరి పుల్లల పొరక సిమెంటు మీద గరగరమంటోంది. అప్పుడే తెల్లవారుతోంది. శ్రీశైలం పోయే మొదటి బస్సు పొగ వదులుతూ నిలబడి ఉంది. హోటల్లో ఉగ్గానికి బొరుగులు నానబోస్తున్నారు. రాత్రంతా బెంచీల మీద పడుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కుంటున్నారు.

కంట్రోలర్ శేషన్న తన గది కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మా కృపమ్మా, ఒకే తావు ఎన్ని తూర్లు ఊడుస్తావు? నేల అరిగిపోతాది."

"దుమ్ముండాది సారూ," అంది ఆమె తల ఎత్తకుండా.

దుమ్ము లేదు. ఉన్నది ఆమె లోపల. రాత్రి నుంచీ అది అట్లా రేగుతూనే ఉంది. నాలుగు గంటలకే లేచి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. మూలన కోడలు జీవిత కట్టిపెట్టుకున్న సంచీని ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిపింది. నిద్రపోతున్న కోడలి ముఖంలోకి వంగి చూసి, ఆ పిల్ల కనురెప్పలు కదిలేసరికి దొంగలా తప్పుకొని పనికి వచ్చేసింది.

ఈ రోజు మధ్యాహ్నం రెండున్నర బస్సుకు జీవిత నంద్యాల పోతుంది. అక్కడి నుంచి కడప, కడప నుంచి రాయచోటి. పోతే మళ్లీ వస్తుందో రాదో తెలియదు.

కృపమణికి యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లుగా పొరక పట్టి పట్టి కుడి భుజం ఎడమదానికంటే కిందికి వాలిపోయింది. అరచేతుల మొదట్లో చింతగింజల్లాంటి కాయలు. చీర మీద కాంట్రాక్టరు ఇచ్చిన నీలం కోటు తొడుక్కుంటుంది. గుండీలు రెండు ఊడిపోతే పిన్నీసులు పెట్టుకుంది. ఆత్మకూరు బస్టాండులోకి రోజూ వచ్చిపోయే వేలమందిలో ఆమె ముఖం గుర్తున్నవాళ్లు పదిమంది కూడా ఉండరు. ఆమె ఊడుస్తూ దగ్గరికి వస్తే జనం మాటలు ఆపకుండానే కాళ్లు పైకి ఎత్తుకుంటారు. అంతే పరిచయం.

పదిహేడో ఏట ఏసేపును పెళ్లాడి ఈ ఊరు వచ్చింది. ఏసేపు అప్పటికే ఈ బస్టాండులో ఊడ్చేవాడు. రెండేళ్లకు ఆమె కూడా వచ్చి అతని పక్కన పొరక పట్టింది. కొడుకు పుడితే రెండో ప్లాట్‌ఫారం స్తంభానికీ కిటికీ ఊచకూ మధ్య చీర ఉయ్యాల కట్టింది. క్రాంతి కుమార్ ఆ ఉయ్యాల్లోనే పెరిగాడు. బడిలో వేయకముందే బస్సుల బోర్డులు చూసి దోర్నాల, ఒంగోలు, వెలుగోడు అని కూడబలుక్కుంటూ చదివేవాడు. వాడికి ఎనిమిదేళ్లప్పుడు ఏసేపు ఛాతీ జబ్బుతో పోయాడు. మూడో రోజు కృపమణి పొరక తీసుకుని పనిలోకి వచ్చింది. రాకపోతే ఆ పని ఇంకొకరికి పోయేది.

బస్సుల మధ్య పెరిగినవాడు డ్రైవరే అయ్యాడు. బస్సు కాదు, ఎవరిదో కారు. శ్రీశైలం పోయే భక్తుల్ని ఎక్కించుకుని అడవిదారిలో వంద మలుపులు తిప్పి తెచ్చేవాడు. ఒకసారి పెళ్లివాళ్లను రాయచోటి తీసుకుపోయి, అక్కడ చర్చిలో పాటలు పాడుతున్న జీవితను చూసివచ్చాడు. తర్వాత రెండు నెలలు ఏదో ఒక కిరాయి వంక పెట్టుకుని అటే పోయాడు. ఆ పెళ్లి కృపమణికి అంతగా ఇష్టం లేదు. డిగ్రీ చదివిన పిల్ల, ఊడ్చేదాని ఇంట్లో ఎట్లా ఇముడుతుందని. రెండేళ్లు అత్తా కోడళ్లు ఒకరినొకరు ఒత్తుకోకుండా, ఇరుకు సీటులో కూర్చున్న ఇద్దరు ప్రయాణికుల్లా గడిపారు.

ఆ తర్వాత, పోయిన ఏడు జనవరిలో, నందికొట్కూరు రోడ్డు మీద ఆ సాయంత్రం వచ్చింది.

నందికొట్కూరులో చుట్టాల బిడ్డకు బాప్తిస్మం. పోవలసింది కృపమణి. సెలవు దొరకలేదు. "నా బదులు మీరిద్దరూ పోయిరాండి, చాన్నాళ్లాయ మీరు యాడికన్నా పోయి," అని ఆమే బలవంతం చేసి పంపింది. తిరిగి వస్తుంటే, ఊరు ఇంకో పది కిలోమీటర్లుందనగా, టైరు పేలి రోడ్డు వారన ఆగిపోయిన రాళ్ల లారీ ఒకటి. దానికి వెనక లైట్లు లేవు. కారు ఎడమ పక్క మొత్తం లారీ కిందికి పోయింది. క్రాంతి అక్కడే పోయాడు. జీవితకు తొడ ఎముక, తుంటి, దవడ విరిగాయి.

కొడుకును పూడ్చిపెట్టి వచ్చిన మధ్యాహ్నమే కృపమణి కర్నూలు బస్సు ఎక్కింది. చేతులకు సమాధి మన్ను ఇంకా ఉంది. పెద్దాసుపత్రి ఆడవాళ్ల వార్డులో, కిటికీ పక్క మంచం మీద, ముఖమంతా వాచి పోల్చుకోవడానికి వీల్లేకుండా కోడలు పడి ఉంది. పళ్లను కమ్మీలతో కట్టేశారు. నోరు తెరవడానికి లేదు. చెంప పక్కనున్న సందులోంచి గొట్టం పెట్టి గంజి పోయాలి. చుక్క చుక్కగా పోయాలి, లేకపోతే పొరబోతుంది. ఒక లోటా గంజి పోసేసరికి ముప్పావు గంట పట్టేది.

ఎనిమిదో రోజు పొద్దున ఒక మనిషి బత్తాయిల సంచీ పట్టుకుని వార్డు బయట నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. పత్తి చేను పనిలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు. పేరు ఓబుళేశు అన్నాడు. కారులోంచి ఇద్దరినీ బయటికి లాగింది తనేనన్నాడు.

"పాపకు ఎట్లుండాదమ్మా?"

"బతుకుతాదంట నాయనా. నడిచేది మాత్రం చెప్పలేమన్నారు."

అతను పోబోయి ఆగాడు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక మాటమ్మా. పోలీసోళ్లకు నేను చెప్పల్యా. నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టల్యా. స్టీరింగు కాడ ఉండింది ఈ పాపే. మీ వాడు ఈపక్క ఉండె. అందరూ డ్రైవరు గదా, వాడే తోల్యాడనుకుండారు. పోయినోడు ఎట్లా పాయ, బతికిండేదాన్ని కేసుల్లో ఎందుకు ఈడ్చల్లని నేను నోరు తెరవల్యా."

కృపమణి చెయ్యి చాపింది. బత్తాయిలు తీసుకుంది. అతను పోయాక ఆ సంచీ పక్క మంచం వాళ్లకు ఇచ్చేసింది. పొద్దున కాచిన గంజి ఫ్లాస్కు చేతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని మెట్లు దిగి, గేటు దాటి, ఎండలో నడుచుకుంటూ బస్టాండుకు పోయింది. ఆత్మకూరు బస్సు ఎక్కి కూర్చుంది. పాప తోలుతా ఉండింది. నా కొడుకు పక్కన కూర్చోనుండె. క్రాంతి పెండ్లాన్ని బడి మైదానానికి తీసుకుపోయి కారు నేర్పిస్తుంటే తను ఒకసారి చూసింది. చూసి నవ్వుకుంది కూడా. కండక్టరు వచ్చి యాడికమ్మా అన్నాడు. టిక్కెట్టు అడుగుతున్నాడని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఒళ్లో ఫ్లాస్కు ఇంకా వెచ్చగా ఉంది. దీన్ని పారబొయ్యల్లా ఏమి, అనుకుంది. ఆ ఒక్క ఆలోచనే వచ్చింది. బస్సు దిగి, మళ్లీ ఆసుపత్రికి నడిచి, గంజి పోసింది.

రెండు రోజుల తర్వాత పోలీసాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "కారు మీ ఆయనే కదమ్మా తోల్తాండింది?" అని అడిగాడు. జీవిత అతన్ని చూసింది. మంచం అవతల ఉన్న అత్తను చూసింది. కళ్లు మూసుకుంది. అతను దాన్ని అవుననుకుని రాసుకున్నాడు. తనకు తెలిసింది కృపమణి చెప్పలేదు. ఆ పిల్ల మూసిన రెప్పల కింది నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే కొంగుతో తుడిచింది. మెల్లగా తుడవలేదు. కాస్త గట్టిగానే తుడిచింది.

తొమ్మిదింటికి కృపమణి ఇంటికి పోయింది. చర్చి వెనక వీధిలో రేకుల ఇల్లు. బస్టాండుకు పది నిమిషాల నడక, ఈ రోజు ఆరు నిమిషాల్లో చేరింది. జీవిత స్టవ్ దగ్గర నిలబడి పులగం దించుతోంది. చెనిక్కాయ పచ్చడి నూరి పెట్టింది. ఇటు తిరిగినప్పుడు ఎడమ కాలు కొంచెం ఆలస్యంగా వచ్చి కుడి కాలి పక్కన చేరింది. పద్నాలుగు నెలల కింద డాక్టర్లు చెప్పలేమన్న నడక అది.

"నువ్వెందుకు నిలబడి చేస్తాండావు? దినమంతా బస్సుల్లో కూకోవల్ల."

"ఈ పొద్దన్నా నేను వండి పెడ్దామని అత్తా."

ఆ మాట కృపమణికి నచ్చలేదు. ఈ పొద్దన్నా. ఆ పిల్లకు కట్టివ్వాలని మాగాయ సీసా తీసి మూత బిగించబోయింది. మర పట్టలేదు. మళ్లీ బిగించింది. మళ్లీ జారింది. "పాడు మూత, పాడు సీసా, దీన్ని ఎవరు కొన్యారో!" అని విసుక్కుంది. ఆ సీసా కొన్నది తనే. జీవిత వచ్చి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, నెమ్మదిగా ఒక చుట్టు వెనక్కి తిప్పి, ముందుకు తిప్పింది. మూత పట్టుకుంది.

అంత దగ్గరగా నిలబడితే ఆ పిల్ల దవడ మీది మచ్చ కనిపిస్తుంది. మీగడ కట్టిన పాల మీద గీతలాగా.

"అత్తా," అంది జీవిత.

"ఊఁ."

"ఏం లేదు. తిను."

నెల రోజులుగా ఇదే. అత్తా అంటుంది, ఏం లేదంటుంది. రాయచోటిలో ఉన్న ఆ పిల్ల అక్క క్రిస్టినా, అక్కడి కంటి ఆసుపత్రిలో చీటీలు రాసే పని ఉందని, కూర్చుని చేసేదేనని ఫోను చేసింది. జీవిత ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. వస్తానని చెప్పేసింది. చెప్పేశాక అత్త వైపు తిరిగి, నేల చూస్తూ, పోతానంది. ఎందుకు పోతోందో కృపమణికి తెలుసు. ఈ ఇంట్లో అన్నం ఆ పిల్లకు చేదుమందులాగా ఉంది. కావాలి, మింగలేదు.

తను కూడా తినలేకపోయింది. నాలుగు ముద్దలు పెట్టుకుని లేచింది.

"నేను స్టాండులోనే ఉంటా. మీ యక్క రాయచోటి నుంచి వచ్చినాక ఇద్దరూ ఆటోలో రాండి. బరువు నువ్వు పట్టుకోవాక."

ఎండ ఎక్కింది. మార్చిలోనే సిమెంటు కాలుతోంది. కృపమణి మరుగుదొడ్లు కడిగింది, ఫినాయిలు పోసింది, తాగునీళ్ల తొట్టి చుట్టూ నాచు గీకింది. చేతులు పని చేస్తుంటే తల ఒక్కచోట నిలవడం లేదు. చెప్పాలా? నాకు తెలుసని చెప్తే ఆ పిల్ల ఎట్లా చూస్తుంది? చెప్పకుండా పంపితే ఆ బరువు మోసుకునే రాయచోటి పోతుంది. పోయి అక్కడ ఎవరి ముందు దించుకుంటుంది? నేను సచ్చినాక నా సమాధి కాడికొచ్చి చెప్తాదా?

ఆ పద్నాలుగు నెలల్లో ఆ పిల్ల ఒళ్లంతా తన చేతుల మీదుగా పోయింది. బెడ్‌ప్యాను పెట్టింది, తీసింది. మూడు నెలలు మంచం మీదే తల స్నానం చేయించింది. కాలు ఎట్లా లేపాలో, ఎంత లేపాలో కర్నూల్లో వ్యాయామం డాక్టరమ్మ చూపిస్తే చూసి వచ్చి, పొద్దున ఇరవై సార్లు, మాపటేల ఇరవై సార్లు తనే లేపింది. నొప్పికి ఆ పిల్ల కేకలు పెడితే పక్కింటి వాళ్లు వచ్చి చాలింక కృపమ్మా అనేవాళ్లు. చాలించలేదు. నొప్పి పెడుతుందని తెలిసీ ఇంకో రెండు సార్లు ఎక్కువ లేపిన రోజులు ఉన్నాయి. అది మంచికా, కసికా అని తనను తాను అడగలేదు. ఆగస్టులో ఒక ఆదివారం జీవిత గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. గుమ్మంలో నిలబడి ఇద్దరూ ఏడ్చారు. ఇద్దరి ఏడుపూ ఒకటే కాదని కృపమణికి అప్పుడే తెలుసు.

ఒంటిగంటకు కంట్రోలర్ గది కిటికీ దగ్గరికి పోయింది.

"సారూ, రెండున్నర నంద్యాలది ఉండాదా, క్యాన్సిలా?"

"ఉండాది. ఎందుకు?"

"ఊరికే."

పావుగంట తర్వాత మళ్లీ పోయింది.

"వస్తాదా సారూ?"

శేషన్న కళ్లజోడు పైకి తోసుకుని ఆమెను చూశాడు. ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి. "టైరు పంచరయిందంట, అరగంట లేటు. ఏమైందమ్మా నీకు ఈ పొద్దు? కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు."

అరగంట. ఆ మాట విని ఆమెకు సంతోషం వేసింది. వెంటనే భయం వేసింది. బస్సు వేళకు వచ్చి ఉంటే ఎక్కించి చెయ్యి ఊపి అయిపోయేది. ఇప్పుడైనా ఆడవాళ్ల విశ్రాంతి గదిలోకి పోయి తలుపేసుకుని, బస్సు పోయాక బయటికి రావచ్చు. పనిలో ఉన్నానంటే ఎవరూ తప్పు పట్టరు. నిజంగానే ఆ గదిలోకి పోయి, తలుపు గడి మీద చెయ్యి వేసి నిలబడింది. లోపల ఎవరో పసిబిడ్డకు పాలిస్తున్నారు. ఆ తల్లి తలెత్తి, "ఊడవల్లనా అక్కా, లేయమంటావా?" అంది. "వద్దులేమ్మా," అని కృపమణి బయటికి వచ్చేసింది.

రెండుంపావుకు ఆటో వచ్చింది. క్రిస్టినా ముందు దిగి, రెండు సంచీలు దించి, చెల్లెలికి చెయ్యి అందించింది. జీవిత ఆ చెయ్యి పట్టుకోకుండా దిగింది. ముగ్గురూ రెండో ప్లాట్‌ఫారం బెంచీ దగ్గరికి వచ్చారు. క్రిస్టినా కృపమణి రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చేసింది కన్నతల్లి గూడా చెయ్యదు పెద్దమ్మా. మా యమ్మ ఉన్నింటే నీ కాళ్లు మొక్కేది."

కృపమణి చేతులు విడిపించుకుంది. "నీళ్ల సీసా తెచ్చుకున్యారా? ఎండ శానా ఉండాది." తేలేదని, కొనడానికి క్రిస్టినా రోడ్డవతలి అంగడికి పోయింది.

ఇద్దరే మిగిలారు. జీవిత బెంచీ మీద కూర్చుంది. కృపమణి నిలబడింది. పొరక చేతిలోనే ఉంది. ఎవరో పారేసిన చెనిక్కాయ పొట్టు కాళ్ల దగ్గర కనిపిస్తే దాన్ని ఒక పక్కకు నెట్టింది. మళ్లీ నెట్టింది.

"అత్తా."

"ఊఁ."

"ఆ పొద్దు..." జీవిత ఆగింది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "ఆ పొద్దు మేము నందికొట్కూరు నుంచి వస్తాన్నప్పుడు..." మళ్లీ ఆగింది. ఇంకో నిమిషం చూస్తే ఏం లేదులే అంటుంది. అని బస్సెక్కేస్తుంది.

కృపమణి పొరకను స్తంభానికి ఆనించింది. బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది. పని వేళలో ఆ బెంచీల మీద ఆమె ఎప్పుడూ కూర్చోలేదు.

"కారు నువ్వు తోల్తాంటివి. నాకు తెలుసు పాపా."

జీవిత కదల్లేదు. దవడ మీది మచ్చ తెల్లబడింది.

"ఎవరు చెప్పిరి?"

"మిమ్మల్ని బయటికి తీసినాయప్ప. ఆసుపత్రికి వచ్చి చెప్పిపాయ."

"ఎప్పుడు?"

"ఎనిమిదో పొద్దు. నీ పండ్లకు కమ్మీలు కట్టిండ్రి."

ఆ పిల్ల లెక్క వేసుకుంటున్నట్టు ఎదురుగా ఉన్న ఖాళీ ప్లాట్‌ఫారం వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది: "పోలీసాయప్ప వచ్చిన పొద్దు నువ్వు ఆడనే ఉంటివి."

"ఉంటి."

"నేను కండ్లు మూసుకుంటే నువ్వు తుడిస్తివి."

"తుడిస్తి."

ఈ క్షణాన్ని కృపమణి ఎన్నోసార్లు ఊహించుకుంది. కోడలు కాళ్ల మీద పడుతుంది, తను లేవనెత్తుతుంది, ఇద్దరూ ఏడుస్తారు. అట్లా జరగలేదు. జీవిత ఆమె వైపు తిరిగింది. కళ్లల్లో నీళ్లు లేవు. కోపం ఉంది.

"తెలిసీ ఊరికే ఉంటివా? పద్నాలుగు నెలలు! నేను దినామూ సస్తాంటి అత్తా. నువ్వు నా కాళ్లు ఒత్తుతాంటే సస్తాంటి. నువ్వు ముద్ద కలిపి పెడ్తాంటే గొంతు దిగకపాయ. ఈయమ్మకు తెలిస్తే నా మొగాన ఉమ్మేస్తాది, ఈ పొద్దు తెలుస్తాదేమో, రేపు తెలుస్తాదేమో అని. ఒక్క మాట తిట్టింటే ఏమి? ఒక దెబ్బ కొట్టింటే ఏమి?"

పక్క బెంచీ మీది ముసలాయన తల తిప్పి చూశాడు. కృపమణికి ఆ కోపం న్యాయమే అనిపించింది. మంచితనం అనుకుని దాచిపెట్టుకున్న దాన్ని ఈ పిల్ల తిరగేసి అడుగు చూపించింది.

"చెప్తే నువ్వు పోతావనుకుంటి," అంది. "నువ్వు పోతే ఇంట్లో నేనొక్కదాన్నే గదా." పొరక వైపు చూసింది. "ఇంగోటి గూడా ఉండాది. నువ్వు లోపల లోపల కాలతాండావని నాకు కనపడ్తాండె. కాలనీలే అనుకున్న దినాలు గూడా ఉండాయి. అబద్ధమెందుకు."

బళ్లారి బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దించి పోయింది. దుమ్ము లేచి మెల్లగా దిగింది.

"మరి నాకెందుకు చేస్తివి అంతా?"

కృపమణి ఆలోచించింది. నిజమైన జవాబు వెతికింది. పెద్దదేదీ దొరకలేదు.

"ఎవరో ఒకరు గంజి పొయ్యల్ల గదమ్మా."

అప్పుడు జీవితకు ఏడుపొచ్చింది. అరిచి ఏడవలేదు. దవడ నొప్పి పెడుతుందేమోనన్నట్టు చెంప చేత్తో పట్టుకుని ఏడ్చింది. కృపమణి కొంగు అందించలేదు, తుడవలేదు. ఏడవనిచ్చింది.

ఆ పిల్ల తేరుకున్నాక, పద్నాలుగు నెలలుగా నాలుక మీదే ఉన్న ప్రశ్న కృపమణి అడిగింది.

"వాడు ఏమన్నా అనెనా? కడాకు?"

"బండి బాగా పోతాండె అత్తా. రోడ్డు ఖాళీగా ఉండె. ‘భలే తోల్తాండావే, మా యమ్మతో చెప్పి స్టాండులో డ్రైవరు పని ఇప్పిస్తాలే’ అనె. అని నవ్వుతాండె. నేను ఆయన మొగం పక్క సూస్తి. అంతే సూస్తి. మళ్ల తిరిగేసరికి లారీ."

"నవ్వుతాండెనా?"

"నవ్వుతాండె."

"మళ్ల?"

"మళ్ల ఏమీ లేదత్తా. అరవల్యా. ఏమీ అనల్యా."

కృపమణి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ కళ్లు మూస్తే ఆమెకు వినిపించింది అమ్మా అన్న కేక. రేకుల మీద గాలి కొట్టినా అదే, బస్సు బ్రేకు వేసినా అదే. ఆ కేక లేదట. కొడుకు తనను తలుచుకుని నవ్వుతున్నాడట. బుగ్గ ఒక పక్క సొట్ట పడేలా వాడు నవ్వడం ఆమెకు ఎదురుగా ఉన్నంత స్పష్టంగా కనిపించింది.

"నువ్వట్ల తిరిగి సూడకపోయింటే వాని నవ్వు నాకు చెప్పేవాళ్లు ఉండకపోదురు," అంది చివరికి. అది క్షమించడమా కాదా అని జీవిత ఆమె ముఖంలో వెతికింది. కృపమణికి కూడా తెలియదు. నోటికి వచ్చిన మాట అది.

క్రిస్టినా నీళ్ల సీసాలతో వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, ఎడబాటు ఏడుపు అనుకుని, తనూ కళ్లు ఒత్తుకుంది. మైకులో శేషన్న గొంతు గరగరమంది. వెలుగోడు మీదుగా నంద్యాల పోవు బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది.

బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. శేషన్న గదిలోంచి బయటికి వచ్చి, "ఏయ్, జరగండప్పా, ఆ పాప కాలు బాగలేదు," అని దారి చేయించాడు. క్రిస్టినా సంచీలు లోపల పెట్టి సీటు పట్టింది. జీవిత మెట్టు ముందు నిలబడి, ఏ కాలు ముందో మరిచిపోయినట్టు ఆగింది.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు," అంది కృపమణి వెనక నుంచి. "దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నంద్యాల్లో దిగేటప్పుడు మర్చిపోవాక."

జీవిత కుడి కాలు మెట్టు మీద పెట్టి, ఊచ పట్టుకుని ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి బయటికి చాపితే కృపమణి పట్టుకుంది. కాయలు కాసిన అరచేతిని ఆ పిల్ల బొటనవేలితో ఒకసారి రుద్దింది. పోయొస్తా అంటుందేమోనని కృపమణి చూసింది. పెదవులు కదిలాయి. ఇంజను చప్పుడులో ఏమన్నదో వినపడలేదు. బస్సు వెనక్కి తగ్గి, మలుపు తిరిగి, గేటు దాటింది.

ఆమె కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత స్తంభానికి ఆనించిన పొరక తీసుకుని, బస్సు నిలబడిన చోట పడ్డ కాగితాలూ, అరటి తొక్కా, చెనిక్కాయ పొట్టూ ఊడ్చింది. ఒక్కసారే ఊడ్చింది.

నాలుగింటికి పని దిగి ఇంటికి పోయింది. ఎండ ఇంకా వాలలేదు. తలుపు తీసి లోపలికి పోయి మంచం మీద కూర్చుంది. కూర్చోలేక లేచింది. స్టవ్ మీద మూత పెట్టిన పులగం గిన్నె తెరిచి చూసి మళ్లీ మూసింది. కిటికీ తెరిచింది. బయటికి పోదామని తిరిగితే తలుపు వెనక, గోడ వారగా, జీవిత పాత చెప్పులు కనిపించాయి. కర్నూల్లో చేయించిన కొత్తవి వేసుకుపోయింది. కురచైన కాలికి సరిపోయేలా ఈ పాతవాటిలో ఎడమదాని అడుగున బస్టాండు ముందరి చెప్పులాయన రెండు పొరల టైరు ముక్క కోసి కుట్టాడు. పద్నాలుగు నెలల్లో కడపటి ఏడు నెలలూ నడిచి నడిచి ఆ టైరు ముక్క మడమ దగ్గర ఒక పక్కకు అరిగి, లోపల ఐదు వేళ్ల గుర్తులూ నల్లగా, నున్నగా పడి, కుడిదానికంటే రెండు వేళ్ల ఎత్తున, ఆ చెప్పు గోడకు కొంచెం ఒరిగి ఉంది.